మేత సంచుల్లో ఏడాది బియ్యం

ముందే మన్నించమని అడుగుతున్నానండి. నేను ఐదో తరగతి పాసయ్యాను, ఆరుకి వెళ్ళలేదు. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం ఇవ్వాలో నాకు ఇప్పటికీ అనుమానమే. సామాన్ల చీటీలు తప్ప ఇంత పెద్దది ఎప్పుడూ రాయలేదు. మా పెద్దమ్మాయి పదో తరగతి నోటు పుస్తకాల్లో వెనకవైపు చాలా తెల్ల కాయితాలు మిగిలిపోయాయి. వాటిని పారేయడానికి మనసొప్పక వాటి మీద రాస్తున్నాను. చెప్పాల్సింది ముందు, చెప్పక్కర్లేనిది వెనక వచ్చినా మీరే సర్దుకుని చదవండి.

మాది సముద్రం ఒడ్డున ఊరు. చేపలు పట్టే కుటుంబం. మా ఆయన పడవ మీద కూలికి వెళ్ళేవాడు. వేటకి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చే రోజులు ఎక్కువైపోయాక, తెలిసినవాళ్ళు చెబితే పెనుగొండకి అవతల ఒక రొయ్యల చెరువుకి కాపలా కుదిరాం. కుదిరింది ఆయనే గాని, కాపలా అంటే ఇంటిల్లిపాదీ కాయాలి. గట్టు మీద రేకుల మకాం. ఒక గదిలో మేత బస్తాలు, సున్నం, మందు డబ్బాలు. రెండో గదిలో మేం నలుగురం, ఇద్దరు ఆడపిల్లలతో. మధ్యలో గోడ సగమే ఉంది.

మా జీతం ఏడాదికి మాట్లాడుకున్నది. ఉగాదికి సగం చేతికిస్తారు. మిగతా సగం చెరువులో వల లాగి రొయ్యలు అమ్మాక, మధ్యలో మేం వాడుకున్నది తీసేసి ఇస్తారు. ఎంతో నేను రాయను. తక్కువని మీరు జాలి పడితే నాకు సిగ్గుగా ఉంటుంది. మా ఊళ్ళో వాళ్ళయితే అది ఎక్కువే అంటారు.

ఉగాదికి చేతిలో నోట్లు పడగానే భయం పట్టుకుంటుంది. ఏ నెలకానెల వచ్చే జీతమైతే ఒక నెల తప్పు చేసినా ఇంకో నెల సరిచేసుకోవచ్చు. మాది అలా కాదు. ఉగాదిలో చేసిన తప్పు దీపావళికి కనిపిస్తుంది. అందుకని చింతపండు, ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు ఎండాకాలంలోనే ఏడాదికి సరిపడా కొనేదాన్ని. సబ్బుని దారంతో నాలుగు ముక్కలు కోసి ఒక్కో ముక్క బయటికి తీసేదాన్ని. టీలో పాలు ఆదివారమే. గ్యాసు బండ చుట్టాలొస్తేనే, మిగతా రోజులు కొబ్బరి మట్టలు. రొయ్యల మధ్యన ఉంటాం గాని రొయ్య తినం, అది చెరువు ఆసామిది. కాలవలో దొరికిన చిన్న చేపలు, మా అత్త పంపిన ఎండు చేపలు, అదే మా కూర. రేషను కార్డు మా అత్త పేరు మీదే ఉండిపోయింది. ఆ బియ్యం ఆవిడా, మా మరిది పిల్లలూ తింటారు. ముసలావిడ నోటి ముందు నుంచి ఎలా లాక్కుంటాం? అందుకని మాకు బియ్యమే పెద్ద ఖర్చు.

ఇప్పుడు మా పెద్దమ్మాయి సంగతి చెప్పాలి. చెరువు నీళ్ళు వారానికోసారి సీసాలో పట్టి రోడ్డు మీదున్న ల్యాబుకి పంపుతారు. అక్కడ నీళ్ళు చూసి ఉప్పెంత, సున్నమెంత అని కాయితం రాసిస్తారు. స్కూలుకి వెళ్తూ ఆ సీసా ఇచ్చి వెళ్ళడం మా పెద్దమ్మాయి పని. అక్కడ తెల్లకోటు వేసుకుని ఒక అమ్మాయి కూర్చుంటుందట. ఒకసారి మా పిల్లని లోపలికి పిలిచి, గొట్టంలోంచి చూడమని, రొయ్య తోకలో ఏదో చూపించిందట. ఆ రోజు నుంచి మా పిల్లకి ఒకటే మాట. పదయ్యాక తణుకులో ల్యాబు చదువు ఉంది, ఇంటర్‌తో సమానం, రెండేళ్ళు చదివితే మనుషుల రక్తం కూడా చూడొచ్చు. ఫీజు పెద్దగా లేదు గాని హాస్టల్లో ఉండాలి. మకాం నుంచి రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు, అక్కడి నుంచి రెండు బస్సులు మారాలి. వానాకాలం గట్టు మీద నడవడమే కష్టం. హాస్టల్‌కి చేరిన రోజే సగం కట్టాలట.

తను తొమ్మిది పాసయిన ఉగాదికి నేను ఒక లెక్క వేసుకున్నాను. కొట్లో వారం వారం బియ్యం కొంటే ఏడాదికయ్యే ఖర్చులో, ఎండాకాలం దాళ్వా పంట కోతలప్పుడు ధాన్యం కొని మర ఆడించుకుంటే చాలా మిగులుతుంది. ఆ మిగిలింది ముట్టుకోకుండా దాస్తే, వచ్చే ఏడు జూన్‌కి హాస్టల్ డబ్బు అవుతుంది. నాలుగైదు సార్లు వేసి చూశాను, ప్రతిసారీ సరిపోయింది. నా బుర్ర ఇంత బాగా పనిచేస్తుందని నాకే తెలియదు అనుకుని మురిసిపోయాను.

పక్క చేలో రైతు దగ్గర ధాన్యం బేరం చేశాం. ఆసామి ట్రాక్టరు ఒక్క పూట ఇచ్చాడు. ఆ పూటలోనే మర ఆడించి తెచ్చుకోవాలి. మరాయన బియ్యం రెండ్రోజులు నీడలో ఆరబోసి అప్పుడు పోసుకోమన్నాడు. మాకు ఆరబోసే చోటేదండి? గట్టు మీద పోస్తే కాకులు, గాలి. మరలోంచి వచ్చిన బియ్యం ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.

దేంట్లో పొయ్యాలి అన్న దగ్గర, ధాన్యం కొనకముందే మా ఆయనకీ నాకూ మాట వచ్చింది. ఆయన రేకు డ్రమ్ములు రెండు కొందామన్నాడు. నాకు ఆ ఖర్చు ప్రాణం మీదికొచ్చింది. చెరువుల దగ్గర ఒక వాడుక ఉంది, ఖాళీ అయిన మేత సంచులు కాపలావాడివే. సంచుల వ్యాపారి వచ్చి లెక్కపెట్టి కొనుక్కుపోతాడు. మంచి గట్టి సంచులు, లోపల పల్చటి ప్లాస్టిక్ కవరు కూడా ఉంటుంది. మేం వాటినే చాపలుగా, తలుపుకి తెరగా, వానలో గొంగళిగా వాడతాం. అప్పటికి మకాంలో ఇరవై పైనే పోగయ్యాయి.

"సంచులుండగా డ్రమ్ములెందుకు మావా" అన్నాను.

"అది రొయ్యల మేతే. కంపు పోదు" అన్నాడు.

"నీ ఒంటి కంపు పోగొట్టలేదేంటి నేను? కడిగితే అదీ పోద్ది."

ఆయన నవ్వాడు. "సరే, నువ్వు కడుగు. తర్వాత నన్ననకు" అని చెరువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను గెలిచాననుకున్నాను. రెండు రోజులు ఆ సంచులు కాలవలో కడిగాను. చెరువుకి వాడే బ్లీచింగ్ కొంచెం కలిపాను, సబ్బు ముక్కతో రుద్దాను, గట్టు మీద తాడు కట్టి ఎండేశాను. పెద్దదీ చిన్నదీ నాతో పాటు పిండారు. చేతులు మండిపోయాయి. ఎండాక ముక్కు పెట్టి చూస్తే నాకు ఏ వాసనా రాలేదు. మర నుంచి రాగానే బియ్యంలో ఎండిన వేపాకు కలిపి, పురుగు పట్టకుండా బోరిక్ పొడి కలిపి, పాతిక కిలోల చొప్పున ఇరవై సంచుల్లో పోశాం. లోపలి కవరు తీసేయమన్నాడు మా ఆయన. నేను తీయలేదు. కవరు ఉంటే బయటి చెమ్మ లోపలికి రాదనుకున్నాను. లోపలి చెమ్మ బయటికి పోదన్న ఆలోచన నాకు రాలేదు. మూతులు గట్టిగా బిగించి కట్టాను.

ఆ సంచులన్నీ గోడ వారగా పేర్చి ఉంటే, చూసినప్పుడల్లా కడుపు నిండినట్టుండేది. ఏడాది తిండి మా ఇంట్లో ఒక్కచోట ఉండడం మా అమ్మ ఎరగదు, మా అత్త ఎరగదు. మిగిలిన డబ్బు రేకు పెట్టెలో బట్టల కింద పెట్టాను. దాని మీద చెయ్యి వెయ్యనని పెద్దమ్మాయికి మాటిచ్చాను.

మూడు నెలలు బాగానే తిన్నాం. బాగానే అని మేం అనుకున్నాం.

శ్రావణ మాసంలో ఒక శుక్రవారం పులిహోర చేశాను. మా పెద్దమ్మాయి ఎప్పుడూ ఏమీ అడగదు. ఆ రోజు మాత్రం స్కూల్లో స్నేహితులకి పెడతానని ఒక గిన్నె నిండా పట్టుకెళ్ళింది. వాళ్ళు రోజూ ఏదో ఒకటి తెచ్చి పెడుతున్నారట, తను ఒక్కసారీ తీసుకెళ్ళలేదట.

సాయంత్రం గిన్నె నిండుగానే వెనక్కొచ్చింది. పుస్తకాల సంచి పడేసి సరాసరి బియ్యం సంచుల దగ్గరికి వెళ్ళి, ఒక్కోదాని మూతి విప్పి ముఖం లోపల పెట్టి వాసన చూస్తోంది. నాలుగోదో ఐదోదో విప్పాక అక్కడే కూర్చుండిపోయింది. ఎంతో బతిమాలితే అప్పుడు చెప్పింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న పిల్ల బయటికి వెళ్ళి ఉమ్మేసిందట. ఇంకో పిల్ల, "మీ ఇంట్లో రొయ్యలకి పెట్టేదే మీకూ పెడతారా ఏంటే" అందట. అందరూ నవ్వారట.

"వాళ్ళతో పాటు నేనూ నవ్వానమ్మా" అంది మా పిల్ల.

నేను సంచిలో ముఖం పెట్టి చూశాను. నాకు అప్పటికీ ఏ వాసనా తెలియలేదు. అప్పుడు అర్థమైంది నాకు. పొద్దున లేస్తే మేత, పడుకుంటే మేత. మా బట్టల్లో, దుప్పట్లలో, జుట్టులో అదే వాసన. నాలుగేళ్ళుగా దాంట్లోనే ఉన్న ముక్కు నాది. ఆ ముక్కుతో వాసన చూసి సంచులు శుభ్రమయ్యాయని నేను తీర్పు చెప్పాను.

వాసన ఒక్కటే అయితే ఎలాగో తినేవాళ్ళం. అడుగున ఉన్న సంచులు లాగి చూస్తే బియ్యం గడ్డలు కట్టాయి. కవరుకి అంటుకున్న చోట పసుపు రంగు, కొన్ని చోట్ల ఆకుపచ్చ బూజు. మిగిలిన పద్నాలుగు సంచుల్లో మూడే పనికొచ్చేలా ఉన్నాయి.

మా ఆయన వచ్చి చూశాడు. ఒక గడ్డ తీసి చేతిలో నలిపాడు, కింద పడేసి చెయ్యి తుడుచుకున్నాడు. నేను చెప్పలేదా అనలేదు. ఆ మాట అంటాడేమోనని నెలల తరబడి ఎదురు చూశాను. అంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, ఇద్దరం అరుచుకుని ఊరుకునేవాళ్ళం. ఇప్పటికీ అనలేదు.

బియ్యం పారేయలేకపోయాను. ఎండ వచ్చినప్పుడల్లా గట్టు మీద పోసి, గడ్డలు చిదిపి, రంగు మారినవి ఏరి పారేసి, ఏడు నీళ్ళు కడిగి వండాను. వార్చేటప్పుడు నిమ్మాకు వేశాను. ఉల్లికారం ఎక్కువ వేసి కలిపాను. మూడు వారాలు అదే తిన్నాం. చిన్నది తినేటప్పుడు ముక్కు మూసుకునేది. ఒకసారి వీపు మీద కొట్టాను, తిండిని అలా అవమానించకూడదని. ఆ దెబ్బ తలుచుకుంటే ఇప్పుడు నా చెయ్యి నాకే అసహ్యం. నాలుగో వారం దానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరు ఏం తిన్నదని అడిగితే నేను బియ్యం సంగతి చెప్పలేదు. బయట బజ్జీ తిన్నదని అబద్ధం చెప్పాను.

రేకు పెట్టె మొదటిసారి తీసింది ఆ రోజే.

ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఆయన బాతులు తోలుకొచ్చేవాళ్ళని పిలిచాడు. కోసిన చేలల్లో బాతుల్ని మేపుకుంటూ ఊరూరా తిరుగుతారు వాళ్ళు. ఒక పెద్దాయన వచ్చి బియ్యం చేత్తో తిప్పి చూసి, ధర చెప్పాడు. అది ధర కాదు, మోసుకెళ్ళినందుకు మా మీద దయ. నేను కొంచెం పెంచమన్నాను.

"అమ్మా, నేను కాబట్టి ఇది తీసుకుంటున్నాను. బాతుకి వాసన తెలవదు. మనిషికి తెలుద్ది కదా" అన్నాడాయన. తిట్టినట్టు అనలేదు, ఉన్నమాట అన్నాడు. సంచులు కూడా ఇచ్చేయమంటే ఇచ్చేశాను.

అప్పటి నుంచి కొట్లో బియ్యం. ఐదు కిలోలు, ఐదు కిలోలు. వానాకాలం కదా, ధర పైకే పోతోంది. వెళ్ళిన ప్రతిసారీ పెట్టెలోంచి రెండు మూడు నోట్లు. కొట్టు ఆవిడ మంచిదే, పిన్నీ అని పిలిచేదాన్ని. "ఏంటమ్మా, ఏడాదికి కొన్నానన్నావుగా, అప్పుడే అయిపోయాయా, ఏనుగునేమైనా పెంచుతున్నారా" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నేను అంతకు ముందు ఆవిడ దగ్గర గొప్ప చెప్పుకున్నాను మరి, ఇక కొట్టుకి బియ్యానికి రానని.

ఇంకా ఎక్కడ తగ్గించగలనా అని చూశాను. రాత్రి అన్నం మానేసి నేను గంజి తాగాను. ఆయన బీడీలు సగానికి తగ్గించాడు, తర్వాత మానేశాడు. టీ పూర్తిగా పోయింది. అయినా లాభం లేదండి. పొదుపు అనేది ఏదైనా ఉంటే చేయగలం. మా దగ్గర తగ్గించడానికి మిగిలిందల్లా అన్నమే, అన్నం ఎంత తగ్గించినా నలుగురికి ఆకలేస్తుంది. సంక్రాంతి దాటేసరికి పెట్టె అడుగు కనిపించింది, ఆ తర్వాత కొట్లో బాకీ పెట్టాను. పెద్దమ్మాయి ఎప్పుడూ పెట్టె తీసి చూడలేదు. ఎంత ఉందమ్మా అని అడగలేదు. తను పరీక్షలకి చదువుకుంటుంటే నేను ఆ పెట్టెకి తాళం వేసేదాన్ని, ఖాళీ అని తెలియకూడదని. ఖాళీ పెట్టెకి తాళం వేసిన మనిషిని నేను.

రొయ్యలు పట్టాక ఆసామి మిగతా జీతం లెక్క కట్టాడు. ఆస్పత్రికి, ఇంటికి మేం ముందే వాడుకున్నది పోగా చేతికి ఏమంత రాలేదు. ఆయన మోసం చేయలేదు, కాయితం చూపించి ఒక్కొక్కటి చదివాడు. మళ్ళీ ఉగాదికి కొత్త ఏడాది సగం జీతం ఇచ్చాడు. అది వచ్చిన వారంలోనే సగం కొట్టు బాకీకి, మా అత్త కంటి ఆపరేషన్‌కి పోయింది. మిగిలిన దాంతో మళ్ళీ రొయ్యల పట్టుబడి దాకా బతకాలి. ఈసారి ఏడాదికి బియ్యం కొనే ధైర్యం నాకు లేదు, కొనేంత డబ్బూ లేదు.

పెద్దమ్మాయి పది పాసయింది. ఫోన్‌లో మార్కులు చూసుకుని గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. స్కూల్లో సారు ఫోన్ చేసి, అమ్మాయిని తప్పకుండా చేర్చండమ్మా, ఆ కోర్సులో సీట్లు తొందరగా అయిపోతాయి అన్నారు. అలాగేనండి అన్నాను. ఏ ధైర్యంతో అలాగేనండి అన్నానో తెలియదు.

నేనే ఆసామి ఇంటికి వెళ్ళి అడిగాను. మా ఆయనని పంపలేదు, ఆయన అడగలేడు. అరుగు మీద నిలబెట్టి మాట్లాడలేదు ఆసామి, కుర్చీ వేయించాడు. ఈ ఏడు రొయ్య ధర పడిపోయిందని, తనే మేత కంపెనీకి బాకీ ఉన్నానని, ఉగాదికి ఇచ్చింది కాక ఇంకా ముందు ఇవ్వలేనని చెప్పాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. పాలు పోసిన కాఫీ తాగి ఏడాదికి పైనే అయింది, అదీ ఆదివారం కాకుండా మంగళవారం నాడు. అడిగింది దొరకలేదు గాని కాఫీ మాత్రం వదలకుండా తాగాను. అది గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మాయి కొబ్బరి మట్టలు నరుకుతోంది. నన్ను చూసి కత్తి పక్కన పెట్టింది. నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను.

"రోడ్డు మీదకి రొయ్యల షెడ్డు వ్యాన్ వస్తందమ్మా. వలిచేవాళ్ళు కావాలంట. నేను సోమవారం నుంచి వెళ్తాను" అంది.

"ఎవరు వెళ్ళమన్నారే నిన్ను?"

"ఎవరూ అనలేదు. నువ్వు అడగలేకపోతున్నావు కదా, నేనే చెప్తున్నాను."

కేకలేసి, వద్దని ఒట్టు పెట్టించుకుని ఉండాల్సింది. ఆ మాట వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదండి. బియ్యానికి ఇబ్బంది ఉండదని మనసులో ఒక్క క్షణం తేలికైంది. తల్లికి అలాంటి ఆలోచన రావచ్చా? వచ్చింది. అది రాయడానికే ఇంత దూరం రాశాను. మిగతాదంతా ఎవరికైనా చెప్పగలను, ఇది ఎవరికీ చెప్పలేదు.

వెళ్తోంది ఇప్పుడు. పొద్దున్నే చీకటితో లేచి నడిచి రోడ్డు మీద వ్యాన్ ఎక్కుతుంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తల తీసి, పొట్టు తీసి, నరం లాగి ట్రేలో వెయ్యాలి. వేళ్ళు తెల్లగా ఉబ్బి ముడతలు పడిపోయి వస్తాయి. కొబ్బరినూనె రాస్తానంటే చేయి ఇస్తుంది, పెన్ను పట్టుకునే వేలి దగ్గర కాయ ఒకటి ఉండేది, అది మెత్తబడి ఊడిపోయింది. నెలలోపే వేగం వచ్చిందట. షెడ్డులో పని చేయించే మేస్త్రి ఆవిడ ఒకరోజు దారిలో కనిపించి, "మీ పిల్ల చెయ్యి చురుకమ్మా, పెద్దాళ్ళ కంటే ఎక్కువ వలుస్తంది, బంగారం" అని మెచ్చుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మెప్పు విన్న రోజు నాకు అన్నం దిగలేదు.

తణుకులో సీట్లు అయిపోయాయి. వచ్చే ఏడు చేరతానులే అంటుంది తను. చిన్నదానికి రాత్రిళ్ళు పాఠం చెప్తూ నిద్రపోతుంది. వచ్చే ఏడు అని నేను కూడా అంటాను. కాని వారం వారం తను తెచ్చే కూలి డబ్బు ఇంట్లో ఖర్చుకి అలవాటైపోయింది. చిన్నదానికి స్కూలుకి చెప్పులు కొన్నాం, మళ్ళీ టీ పెడుతున్నాం. ఒకసారి అలవాటయ్యాక దాన్ని ఎలా మానుకుంటామో నాకు తెలుసు, మానుకోం. తనకి కూడా తెలుసనుకుంటాను.

కాయితాలు అయిపోవచ్చాయండి. నేను రాస్తుంటే చూసి, తప్పులు దిద్దిపెడతానమ్మా అని పెద్దమ్మాయి రెండు మూడు సార్లు అడిగింది. తనకి తెలుగులో మంచి మార్కులు వచ్చాయి. కాని ఇది తను చదవకూడదు, అందుకే ఇవ్వలేదు. దిద్దేవాళ్ళు లేక తప్పులన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చదివినవాళ్ళు దయచేసి మన్నించండి.